మేం కుంగదీసిన నేల

భిలాయిలో మా రుఆబాంధా వీధిలో ఉండే ఒక అమ్మాయికి ఈమధ్య బొగ్గు గనిలో సర్వేయరుగా ఉద్యోగం వచ్చింది. మేం ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆడపిల్లలను గనిలోకి దిగనిచ్చేవారే కాదు. ఆ పిల్ల మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చి, "అంకుల్, నన్ను సబ్సిడెన్స్ సెక్షన్‌లో వేశారు. నేల ఎంత కుంగిందో కొలవడమేనంట. అందులో ఆరామ్‌గా ఉంటుందట కదా" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె వెళ్ళిపోయాక ఆ నవ్వు నాకే నచ్చలేదు.

అందుకని ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరు సన్మానం చేశారో ఇందులో ఉండదు. ఒక గని, ఒక పల్లె, నేను చేసిన ఒక పొరపాటు, దాని తర్వాత తెలిసి చేసిన ఒక తప్పు ఉంటాయి. ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు పాఠ్యపుస్తకాల్లో మిగతావన్నీ చదువుకోగలరు.

గొయ్యి కనిపించని గని

మా నాన్న టెక్కలి దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల మీద పనిచేసి రిటైరయ్యారు. నేను డిప్లొమా చదివి మొదట నందినిలో సున్నపురాయి గనుల దగ్గర పని నేర్చుకున్నాను. అక్కడ తవ్విన గొయ్యి ఆకాశం కింద తెరిచి ఉంటుంది. మనం ఏం చేశామో దారిన పోయేవాడికి కూడా కనిపిస్తుంది. బొగ్గు గనికి మారాక నాకు మొదట అర్థమైన సంగతి ఇదే: ఇక్కడ మనం చేసిన గొయ్యి ఎవరికీ కనిపించదు. అది కనిపించే రోజున మనం అక్కడ ఉండకూడదు.

తొంభైల్లో నేను పనిచేసిన గని బిలాస్‌పూర్‌లో బండి మారి ఉత్తరానికి పోతే వచ్చేది. పేరు రాయను. అప్పటికి ఆ ప్రాంతమంతా ఇంకా మధ్యప్రదేశే. ఇల్లూ పిల్లలూ భిలాయిలో, నేను గని కాలనీలో ఉండేవాళ్ళం. పదిహేను రోజులకోసారి వచ్చి పోయేవాడిని.

పని తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. భూమి లోపల బొగ్గు పొరలో ముందు అడ్డంగా, నిలువుగా సొరంగాలు తవ్వుతారు. భిలాయి సెక్టార్లలో వీధులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయి, మధ్యలో క్వార్టర్ల బ్లాకులు మిగులుతాయి కదా, సరిగ్గా అలాగే లోపల బొగ్గు బ్లాకులు మిగులుతాయి. వాటినే పిల్లర్లు అంటాం. పైనున్న నేల బరువంతా వాటి మీదే ఉంటుంది. రెండో దశలో ఆ పిల్లర్లను కూడా ఒక్కొక్కటిగా తీసుకుంటూ వెనక్కి వస్తారు. తీసిన చోట పైకప్పు కూలుతుంది. కూలిన ఆ జాగాను గోఫ్ అంటాం. ఆ కూలడం పైదాకా పాకి, చివరికి ఉపరితలం పళ్ళెంలా లోపలికి వంగుతుంది. పళ్ళెం అంచుల్లో నేల చీలుతుంది.

చాలామంది దీన్ని ప్రమాదం అనుకుంటారు. నేను ముప్పై ఏళ్ళు చేసి చెబుతున్నాను, ఇది ప్రమాదం కాదు. నేలను కుంగదీసేది మేమే. ఎక్కడ, ఎంత, ఎప్పుడు కుంగాలో ముందే లెక్క వేసుకుని కుంగదీస్తాం. సర్వేయరు పని ఆ లెక్క నిజమవుతోందా లేదా అని చూడటం. నిజం కాకపోతే నోరు విప్పడం. మొదటి సగం జీతగాళ్ళందరూ చేస్తారు.

జగ్గారావు గారి చెయ్యి

నాకు పని నేర్పింది జగ్గారావు గారు. బొబ్బిలి మనిషి, మాకు సీనియర్ సర్వేయరు. ఉదయం ఎత్తులు కొలిచే లెవెల్ పరికరం పెట్టె తెరవకముందే ఒక గంట చీలికల వెంట నడిపించేవారు. చేరిన వారంలోనే ఒక చీలిక దగ్గర నన్ను బోర్లా పడుకోమన్నారు.

"సెయ్యి లోనికెట్టు. ఏటి తెలుస్తంది?"

"చల్లగా ఉంది సార్."

"గాలి బయటికొస్తందా, లోనికెళ్తందా?"

నాకు తెలియలేదు. ఆయన చిటికెడు మట్టి పొడి చీలిక మీద వదిలారు. పొడి లోపలికి పోయింది.

"లోనికెళ్తంది. ఆ గాలి గోఫ్‌లో మిగిలిన బొగ్గుని కాల్చేస్తాది. ఇయాళ సల్లగున్నాది. నెల పోయాక ఇదే కాడ సెయ్యెడితే ఎచ్చగుంటే కింద నిప్పు పుట్టినట్టే. అప్పుడు నీ లెవెలూ నీ బుక్కూ ఏటీ సెయ్యలేవు. అందుకే సీలిక కనిపించిన్నాడే బంకమన్ను కొట్టించాల."

ఆయన కుడి అరచేతి మీద పాత కాలిన మచ్చ ఉండేది. దాని కథ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆయన మరీ పట్టుబట్టిన సంగతి బెంచ్ మార్కు. నేల మీద వరసగా పాతిన ఖూంటీలు, అంటే గూటాలు, ఎంత దిగాయో కొలవాలంటే, ఎప్పటికీ దిగని ఒక గుర్తు కావాలి. దాన్నుంచే అన్నిటినీ లెక్కిస్తాం. ఆయన ఆ గుర్తును పల్లెకు అవతల, కొండ కింద ఉన్న పెద్ద బండ మీద చెక్కించారు. ఆ బండ కింద బొగ్గు లేదు. అక్కడి నుంచి మజిలీ మజిలీగా లెవెల్ మోసుకుంటూ ఖూంటీల దాకా రావడానికి రెండు గంటలు పట్టేది. ఎండలో ఆ రెండు గంటలూ నాకు విసుగు.

"నీ గుర్తు కింద బొగ్గుండకూడదు. తీసిన బొగ్గయినా, తియ్యని బొగ్గయినా," అనేవారు. తియ్యని బొగ్గుంటే ఏమవుతుందని నేను అడగలేదు. ఆయన రిటైరై బొబ్బిలి వెళ్ళిపోయారు.

మిగిలిన రెండు గంటలు

ఆయన వెళ్ళాక ఆ పని నా చేతికి వచ్చింది. అప్పుడే కొత్త ప్యానెల్ మొదలైంది. ప్యానెల్ అంటే ఒక విడతలో పిల్లర్లు తీసే జాగా. దానికి తూర్పున ఖాల్హేపారా అనే చిన్న పల్లె, పదిహేడు ఇళ్ళు. ఆ పల్లె కింద బొగ్గు మేం తియ్యడం లేదు. ఎవరో పాతకాలం వాళ్ళు అక్కడ సొరంగాలు తవ్వి, పిల్లర్లు వదిలి వెళ్ళారు. పొర అటువైపు పైకి లేస్తుంది కాబట్టి ఆ సొరంగాలు నేలకు బాగా దగ్గర. మా ప్యానెల్‌కూ వాటికీ మధ్య వెడల్పాటి బొగ్గు గోడ వదిలాం. ప్లాను మీద చూస్తే పల్లె భద్రంగానే ఉంది.

పల్లె పక్కన రోడ్డు మీద ఒక కల్వర్టు ఉంది. సిమెంటుతో గట్టిగా కట్టింది. నేను ఒకరోజు కొండ బండ నుంచి లెవెల్ తెచ్చి, ఆ కల్వర్టు మీద కొత్త గుర్తు వేశాను. ఆ తర్వాత ప్రతిసారీ కొలత అక్కడి నుంచే మొదలుపెట్టాను. కల్వర్టు ఖూంటీలకు పది నిమిషాల దూరం. కింద పాత పిల్లర్లు ఉన్నాయని నాకు తెలుసు. నిలబడి ఉన్నాయి కదా అనుకున్నాను.

నాతో స్టాఫ్, అంటే అంకెలు గీసిన పొడవాటి కొలబద్ద, పట్టుకునేవాడు ఈశ్వర్రావు. నాకంటే పదేళ్ళు పెద్ద. పలాస వైపు నుంచి వచ్చి భిలాయిలోనే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డ మనిషి. కొత్త గుర్తు వేసిన రోజు అతను, "బాబూ, జగ్గారావు గారుంటే ఒప్పుకోరేమో" అన్నాడు.

"ఆయన లేరు కదా ఈశ్వర్రావ్," అన్నాను.

అలా ప్రతి కొలతకూ నాకు రెండు గంటలు మిగిలాయి. వాటితో నేను ఏం చేశానో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

బావిలో నీళ్ళు

ప్యానెల్ సగం పైన అయిపోయింది. గోఫ్ మీద నేల మేం అనుకున్నంతే దిగింది. పల్లె వైపు ఖూంటీలు మాత్రం కదల్లేదు. నా బుక్కులో పేజీ తర్వాత పేజీ ఒకే రకం అంకెలు. నేను వాటిని చూసి సంతోషించేవాడిని.

ఒకరోజు పల్లె అంచున ఉన్న ఇంటి ముందు లెవెల్ పెట్టుకుంటుంటే ఆ ఇంటావిడ వచ్చింది. దుకల్హిన్ బాయి అంటారు. భర్త పేరు మన్‌రాఖన్, రెండెకరాల రైతు. ఇంటి వెనక వాళ్ళ బావి, బావి పక్కన ఎడ్ల కొట్టం. ఆమె ఛత్తీస్‌గఢీలో, "సాహెబ్, కువాఁ కే పానీ భాగత్ హే" అంది. బావిలో నీళ్ళు పారిపోతున్నాయని.

"ఎండలు వస్తున్నాయి కదా బాయీ," అన్నాను హిందీలో.

"ఎండలు ఎక్కడ వచ్చాయి? ఇప్పపూలు ఇంకా రాలనే లేదు. మా మామగారి కాలం నుంచి ఈ నెలలో ఈ బావి ఎండలేదు. తలుపు కూడా చూడు. దీపావళికి పడిన తలుపు ఇప్పుడు పడటం లేదు."

ఆమె తలుపు వేసి చూపించింది. పై మూలలో పట్టుకుని ఆగిపోయింది. చెక్క ఉబ్బి ఉంటుందని చెప్పాను. ఉబ్బడానికి అది వానాకాలం కాదు. ఆ మాట ఆమె అనలేదు, నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఈశ్వర్రావు స్టాఫ్ భుజాన వేసుకుంటూ, "బాబూ, ఒకపాలి కొండ కాడినుంచి లెవెలు తెచ్చీద్దుమా? అనుమానం తీరిపోద్ది" అన్నాడు.

"బుక్కులో ఏమీ లేదు కదా. ఖూంటీలు కదల్లేదు."

"కదల్లేదు, నిజమే. మరి నీళ్ళెక్కడికెల్లినాయి?"

వచ్చే వారం చూద్దామన్నాను. వచ్చే వారం జీపు దొరకలేదు. నడిచి వెళ్ళొచ్చు, జగ్గారావు గారితో నడిచే వెళ్ళేవాళ్ళం. బావి మాట, తలుపు మాట ఫీల్డ్ బుక్కులో రాయలేదు. అందులో అంకెలే రాయాలని నాకు నేను చెప్పుకున్నాను. కుర్రవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. నేల కుంగడం మొదట పరికరానికి తెలియదు. ఆ నేల మీద నీళ్ళు తోడుకునేవాళ్ళకూ, తలుపు వేసుకునేవాళ్ళకూ తెలుస్తుంది.

కొండ నుంచి కల్వర్టు దాకా

పదకొండో రోజున వెళ్ళాం. కొండ బండ మీద స్టాఫ్ పెట్టి, అక్కడి నుంచి మజిలీలు వేసుకుంటూ కల్వర్టుకు వచ్చాం. లెక్క తప్పనుకున్నాను. అదే దారిన తిరిగి బండ దాకా వెళ్ళి, మళ్ళీ కల్వర్టుకు వచ్చాం. లెక్క తప్పలేదు. కల్వర్టు బెత్తెడు పైగా దిగిపోయింది.

ఈశ్వర్రావు కల్వర్టు గోడ మీద కూర్చుండిపోయాడు. "అయితే ఊరు కూడా దిగిపోనాదేటి బాబూ?"

అవును. కల్వర్టూ, పల్లె వైపు ఖూంటీలూ కలిసి దిగాయి. కలిసి దిగుతున్న రెంటిని ఒకదాంతో ఒకటి పోల్చి, కదల్లేదని నెలల తరబడి రాసుకున్నాను. మేం పిల్లర్లు తీసినకొద్దీ ఇటు బరువు అటు జరిగి, బొగ్గు గోడను దాటి, పాత పిల్లర్ల మీద కూర్చుంది. అవి నెమ్మదిగా నలిగిపోతున్నాయి. జగ్గారావు గారు తియ్యని బొగ్గు అన్నది దీని గురించే.

నేరుగా మేనేజరు సక్సేనా సాబ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, తెలివైన ఇంజినీరు. బుక్కు పేజీలు మొదటి నుంచి తిరగేశారు.

"పని ఆపాలి సాబ్," అన్నాను.

"ఇంకా ఒక్క వరసే ఉంది రావ్. సగంలో ఆపితే ఆ బరువు కూడా పాత పిల్లర్ల మీదికే వెళ్తుంది. నీకు తెలియదా?"

తెలుసు. ఆయన అన్నది తప్పు కాదు. అలాంటి చోట ఆపడమూ ప్రమాదమే, ఆపకపోవడమూ ప్రమాదమే.

"అయితే ఊరు ఖాళీ చేయించండి. ఈరోజే."

"గాఁవ్ ఖాలీ కరానా తహసీల్‌దార్ కా కామ్ హై, అది మన పని కాదు. ఉత్తరం రాస్తున్నాను. సోమవారానికి వాళ్ళు వస్తారు."

ఆ రోజు శుక్రవారం. నేను బల్ల మీద చెయ్యి వేసి, "సాబ్, నాలుగు నెలలుగా నా బుక్కు తప్పు. సోమవారం దాకా ఆ నేల నిలుస్తుందని కూడా నేను చెప్పలేను" అన్నాను. ఆయన ఆ మధ్యాహ్నమే పని ఆపించారు. పల్లెకు మాత్రం తనుగా మనుషుల్ని పంపలేదు. నేనూ ఈశ్వర్రావూ వెళ్ళాం.

పల్లెవాళ్ళు మా మాట సగం నమ్మారు. బావి దగ్గరి ఐదు ఇళ్ళవాళ్ళు పక్క ఊరి బడికి తరలడానికి ఒప్పుకున్నారు. దుకల్హిన్ బాయి గిన్నెలు మూట కడుతూ నా వైపు చూసి, "మఁయ్ తో కహే రహేఁవ్, సాహెబ్" అంది. నేను చెప్పాను కదా అని. గొంతులో కోపం లేదు. మన్‌రాఖన్ ఎడ్లను తోలుకుని ముందు నడిచాడు. సాయంత్రానికి ఐదిళ్ళూ ఖాళీ అయ్యాయి. దారికి అడ్డంగా కాపలా మనిషిని పెట్టమని గని ఆఫీసులో అడిగితే, రేపు పొద్దున పంపుతామన్నారు.

శనివారం ఉదయం

ఆ పొద్దున ఏడు గంటలకు మేం పల్లె అవతల లెవెల్ నిలబెడుతున్నాం. మన్‌రాఖన్ గబగబా పాత ఇంటి వైపు వెళ్ళడం ఈశ్వర్రావు చూసి కేక వేశాడు. అతను వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపి, "బైలా" అన్నాడు. కొత్త చోట కట్టిన ఎడ్లు తాళ్ళు తెంపుకుని, అలవాటైన కొట్టానికే తిరిగి వచ్చేశాయి. వాటిని తోలుకుపోవడానికి వచ్చాడు.

నేను పరిగెత్తాను. వందడుగులు కూడా వెళ్ళలేదు.

చప్పుడు పెద్దగా లేదు. టిప్పరు ఇసుక దింపినట్టు ఒక్కసారి జారిన చప్పుడు. కొట్టం పెంకులు లోపలికి ఒరిగి, ఆ తర్వాత కొట్టమే లేదు. ధూళి లేచింది. అది తగ్గాక చూస్తే బావి ఉన్న చోట, కొట్టం ఉన్న చోట గుండ్రటి గొయ్యి. ఒక ఎద్దు అంచున నిలబడి వణుకుతోంది. రెండోది లేదు. మన్‌రాఖన్ లేడు.

ఈశ్వర్రావు నన్ను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "అంచు కాడికెల్లకు బాబూ. అదింకా తెగుతాది."

రక్షణ దళం వచ్చింది. ఒక మనిషిని తాడుతో దించారు. కొంత దిగగానే పక్కల మట్టి పెళ్ళలు విరిగి పడ్డాయి, లోపలి గాలి బాగాలేదు. పైకి లాగేశారు. ఇంకోసారి దించారు, అదే జరిగింది. సక్సేనా సాబ్ ప్లాను తెప్పించి జీపు బానెట్ మీద పరిచారు.

"కింద నుంచి వెళ్ళే దారి ఉందా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది సర్వేయరే. పాత సొరంగాల్లో కొన్ని నీళ్ళతో నిండి ఉన్నాయి, మిగతావి కూలిపోయాయి. ఏ దారి నుంచి కొలిచినా మనుషుల్ని పంపితే వాళ్ళూ తిరిగి రారు. మూడుసార్లు చూసి చెప్పాను.

"లేదు సాబ్."

"పక్కానా?"

"పక్కా."

దుకల్హిన్ బాయి పక్కనే నిలబడి ఉంది. మా హిందీ ఆమెకు అర్థమైంది.

రెండు రోజులు చూశారు. అంచులు తెగుతూ మిగతా ఇళ్ళ వైపు పాకుతున్నాయి. గాలి లోపలికి పోతే నిప్పు పుడుతుంది. మూడో రోజు పూడ్చమన్నారు. ఎంత మట్టి కావాలో లెక్క కట్టి ఇచ్చింది నేనే. డంపర్లు వరసగా వచ్చి మట్టి దింపాయి. అతన్ని బయటికి తియ్యలేదు. సక్సేనా సాబ్ ఆ మూడు రోజులూ అక్కడి నుంచి కదల్లేదు. మట్టి పడుతున్నప్పుడు మాత్రం అటు తిరిగి నిలబడ్డారు.

భిలాయి ఇంట్లో

విచారణ మొదలయ్యే ముందు సక్సేనా సాబ్ నన్ను పిలిచి, ఫీల్డ్ బుక్కుకు శుభ్రమైన ప్రతి రాయమన్నారు. ప్రతి నెలా కొండ బండ నుంచే కొలిచినట్టు, కదలిక చివరి వారంలోనే కనిపించినట్టు. "నీ కోసమే చెబుతున్నాను, రావ్. నా కోసం కూడా," అన్నారు. రెండు రోజులు సెలవిచ్చారు.

భిలాయి వచ్చాను. నాన్న వరండాలో కూర్చుని ఉన్నారు.

"ఏటిరా, అలాగున్నావు?"

అంతా చెప్పాను. కోక్ ఓవెన్ల వేడిలో పాతికేళ్ళు పనిచేసిన మనిషి, మధ్యలో మాట్లాడరు. చివరికి ఒక్కటే అడిగారు.

"ఆ కల్వర్టు మీద గుర్తెట్టింది ఎవులు?"

"నేనే."

"మరి నువ్వే ఎట్టినావని సెప్పు. అంతకన్నా ఏటున్నాది?"

"ఉద్యోగం పోతే?"

"పోతే పోద్ది. ఆ మనిషి పోనాడు కదా."

మర్నాడే బండెక్కి, విచారణ అధికారి ముందు అసలు బుక్కే పెట్టాను. గుర్తు మార్చింది నేనని, ఎందుకు మార్చానో కూడా చెప్పాను. ఆయన పేజీలు తిప్పుతూ, "ఇలా ఒప్పుకునేవాళ్ళు తక్కువ" అన్నారు. ఆ మాట విని నాకు లోపల కాస్త తేలికైంది. ఈ కథ అక్కడ ఆగితే బాగుండేది.

తర్వాత దుకల్హిన్ బాయిని పిలిచారు. ఆమె నిలబడే చెప్పింది. బావిలో నీళ్ళు పోతున్నాయని, తలుపు పడటం లేదని ఈ సాహెబ్‌కు ముందే చెప్పానంది. అధికారి నా బుక్కులో ఆ తేదీల పేజీలు చూశారు. అందులో అలాంటి మాట లేదు.

"ఈమె మీకు చెప్పిందా?"

"గుర్తు లేదు," అన్నాను.

ఎందుకన్నానో చాలా ఏళ్ళు ఆలోచించాను. గుర్తు తప్పు చోట వేయడం వృత్తిలో జరిగే పొరపాటు. దాన్ని ఒప్పుకుంటే నిజాయితీపరుడనే పేరైనా వస్తుంది. బావి ఎండుతోందని ఒక మనిషి ఎదురుగా వచ్చి చెబితే విననివాడికి ఆ పేరు కూడా రాదు. నాన్నకు అంతా చెప్పానని పైన రాశాను. బావి సంగతి ఆయనకూ చెప్పలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. బయట గుమ్మం దగ్గర ఈశ్వర్రావు ఉన్నాడు. అతన్ని సాక్షిగా ఎవరూ పిలవలేదు. ఇద్దరం కాలనీ దాకా నడిచాం. విడిపోయే చోట, "నాను పక్కనే ఉన్నాను కదా బాబూ" అన్నాడు. మర్నాడు ఎప్పటిలాగే స్టాఫ్ పట్టుకుని వచ్చాడు.

నాకు ఒక శిక్ష పడింది, ఉద్యోగం మాత్రం నిలిచింది. సక్సేనా సాబ్‌ను బదిలీ చేశారు. ఖాల్హేపారాను మొత్తం ఖాళీ చేయించి, మూడు కిలోమీటర్ల అవతల వరస ఇళ్ళు కట్టించారు.

ఇసుక

తర్వాతి ప్యానెల్ ఒక బడి కిందికి వచ్చింది. అక్కడ నేలను దించడానికి వీల్లేదు. బొగ్గు తీసిన ఖాళీలోకి పై నుంచి గొట్టాలతో ఇసుకా నీళ్ళూ పంపి నింపుతారు. నీళ్ళు బయటికి వెళ్ళిపోయి ఇసుక పేరుకుంటుంది. బాగా నింపితే పైకప్పు దాని మీదే ఆనుతుంది. కాగితం మీద మా వాళ్ళు బాగానే నింపుతున్నారు.

నేను ప్రతి వారం లోపలికి దిగి, ఇసుకకూ పైకప్పుకూ మధ్య చెయ్యి పెట్టి చూసేవాడిని. ఒకసారి మోచెయ్యి దాకా దూరింది. కొత్త మేనేజరుకు చెప్పాను. నమ్మకపోతే ఆయన్నీ తీసుకెళ్ళి చెయ్యి పెట్టించాను. ఆ వరస మళ్ళీ నింపించారు. ఆ బడి బాగానే ఉంది. కొలత మళ్ళీ కొండ బండ నుంచే. మరో దిక్కున ఇంకో బండ వెతికి, రెంటినీ ఒకదాంతో ఒకటి సరిచూసుకున్నాను. పనికి వెళ్ళిన ప్రతి ఊరిలో బావుల మీద గుర్తులు పెట్టించి, ఇంటివాళ్ళు చెప్పిన మాట వాళ్ళ పేరుతో సహా బుక్కులో రాశాను. పైవాళ్ళు నవ్వేవారు. నవ్వనిచ్చాను. మీ బుక్కును చూసి కూడా నవ్వుతారు.

ఇవన్నీ నేను మంచివాడినయ్యానని చెప్పడానికి కాదు. ఒక మనిషి పోయాక నేర్చుకున్నాను. మీరు ముందే నేర్చుకోవాలని రాస్తున్నాను.

చోటు

నాలుగేళ్ళకు ఆ గని నుంచి నాకు బదిలీ అయింది. వెళ్ళే ముందు విచారణ కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఆమె నాకు చెప్పింది నిజమేనని, గుర్తు లేదని నేనన్నది అబద్ధమని రాశాను. జవాబు రాలేదు. ఉత్తరం నకలు జేబులో పెట్టుకుని, ఈశ్వర్రావును తోడు తీసుకుని కొత్త పల్లెకు వెళ్ళాను.

దుకల్హిన్ బాయి వాకిట్లో ధాన్యం చెరుగుతోంది. ఉత్తరం చదివి వినిపించాను. క్షమించమని అడగాలని వెళ్ళాను, ఆ మాట నోట్లోంచి రాలేదు. ఆమె విని, చాట పక్కన పెట్టింది.

"నీకు గుర్తుందని నాకు ఆ రోజే తెలుసు," అంది. "ఆ కాగితం దాచుకో. నాకు ఇంకో పని చేసిపెట్టు. ఆయన ఉన్న చోటు చూపించు."

పూడ్చాక అక్కడ బుల్డోజరుతో చదును చేశారు. ఇళ్ళు పడగొట్టారు. తుమ్మలు మొలిచి, గడ్డి నడుము ఎత్తు పెరిగింది. ఆమె రెండుసార్లు వెళ్ళి వెతికిందట. తన ఇల్లు ఎక్కడుండేదో కూడా తెలియలేదట.

మర్నాడు పొద్దున ముగ్గురం వెళ్ళాం. ప్లాను, పరికరం, టేపు తీసుకెళ్ళాను. రోడ్డు రాళ్ళ నుంచి కోణాలు తీసి, దూరాలు కొలుస్తూ లోపలికి వెళ్ళాం. ఈశ్వర్రావు కత్తితో గడ్డి కొడుతూ దారి చేశాడు. నా ఉద్యోగంలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ కొలవలేదు. ఒకటికి మూడుసార్లు సరిచూశాక, ఈశ్వర్రావు ఆ చోట ఒక రాయి పాతాడు.

"ఇక్కడేనా?" అంది.

"ఇక్కడే. అటూ ఇటూ ఒక అడుగు తేడా ఉండొచ్చు."

"ఎంత లోతు?"

చెప్పాను. ఆమె రాయి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత నా వైపు చూసి అడిగింది.

"తల ఎటు ఉంది?"

ప్లాను నా చేతిలోనే ఉంది. దాని వైపు చూశాను. "అది నాకు తెలియదు బాయీ," అన్నాను.

ఆమె రాయి చుట్టూ ఇంకోసారి తిరిగింది. ఆ తర్వాత తనే ఒక వైపు ఎంచుకుని, అక్కడి గడ్డిని చేత్తో పక్కకు తోసి కూర్చుంది. మమ్మల్ని వెళ్ళమంది.